నాలుగు మీటర్ల సంసారం

ఏ ఇంజన్, ఏ వేరియంట్? అందుబాటు ధరలో సెడాన్ కొనాలనుకునే సరిహద్దు కుటుంబానికి బ్రోచరు సగమే చెబుతుంది. మిగతా సగం చెప్పేవి బళ్లారి ఎండ, రోజూ తిరిగే దారి, రెండు రాష్ట్రాల నడుమ గీత.

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు ఎక్కడ పెట్టాలో బళ్లారిలో ఎవరూ ఎవరినీ అడగరు. ఊళ్లోనే కనకదుర్గమ్మ ఉంది. మొక్కు పెద్దదైతే సరిహద్దు దాటాక గుంతకల్లు పక్కన కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి ఉన్నాడు. అటూ ఇటుగా యాభై కిలోమీటర్లు. నిమ్మకాయల దాకా పోవడం సులువే. అంతకుముందు ఇంట్లో జరిగే పంచాయితీయే కష్టం.

అలాంటి ఇంటినొకదాన్ని ఊహించుకుందాం. సత్యనారాయణపేటలో కాపురం. ఇంటాయనకు తోరణగల్లు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. ఇంటావిడ స్కూలు టీచరు. కూతురు పీయూసీ, కొడుకు ఎనిమిదో తరగతి. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు, ఆలూరు పక్కన నాలుగెకరాల చేను. చేతిలో నాలుగు లక్షలుంది, మిగతాది బ్యాంకు లోను. కొనాలనుకున్నది డిక్కీ ఉన్న కారు. అక్కడిదాకా అందరిదీ ఒకే మాట. ఆ తర్వాతే గొడవ.

"డీజిలు బండి తీసుకోరా, లాగుడు ఉంటాది" అంటాడు పెద్దాయన.

"గేర్లు మార్చే పని లేని బండి అయితే నేనూ నడుపుతానండీ" అంటుంది ఇంటావిడ.

"నాన్నా, సన్‌రూఫ్ ఉండేదే కావాల" అంటుంది కూతురు.

గుంతకల్లు నుంచి బావమరిది ఫోను: "బావా, మాట విను. గ్యాసు బండి తీసుకో. కిలోమీటరు మూడున్నర రూపాయికి వస్తాది."

ఈ నలుగురిలో ఎవరి మాటా తప్పు కాదు. ఎవరి మాట ఏ ఇంటికి సరిపోతుందన్నదే ఈ కథనం.

డిక్కీ ఎందుకు?

ఈ రోజుల్లో ఎత్తుగా కనిపించే ఎస్‌యూవీల మోజు నడుస్తోంది. అయినా ఇక్కడి మధ్యతరగతి ఇంటికి సెడాన్ మీద మమకారం పోలేదు. అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా తయారైంది. పెళ్లికొడుకును ఊరేగించిందీ, ఆఫీసరును దించిందీ అదే. ముందు ముక్కు, వెనక డిక్కీ ఉంటేనే కారు అన్న లెక్క అప్పుడే కుదిరింది. దానికి తోడు అవసరమూ ఉంది. సిరుగుప్ప వైపు నుంచి తెచ్చుకునే బియ్యం మూటలు, జీన్స్ కుట్టే ఇళ్ల నుంచి షాపులకు పోయే గుడ్డల మూటలు, చేను నుంచి వచ్చే శనగల గోతాలు మనుషుల పక్కన కూర్చునేవి కావు. వాటికి వేరే గది కావాలి. ఆ గది పేరే డిక్కీ.

ఆ డిక్కీ ఎంత ఉండాలో తేల్చింది మాత్రం కంపెనీలు కావు, ఒక గీత.

గీతల జిల్లా

గీతలు గీస్తే బతుకు ఎట్లా మారుతుందో ఈ నేలకు బాగా తెలుసు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఇల్లు ఒకవైపు, చేను ఒకవైపు మిగిలిన కుటుంబాలు పంటకో పండక్కో ఆ గీత దాటుతూనే ఉన్నాయి. కారు కొనేటప్పుడు వాళ్లకు ఇంకో రెండు గీతలు ఎదురవుతాయి. ఒకటి పొడవుది, ఒకటి ధరది.

పొడవు గీత ఢిల్లీలో పుట్టింది. 2006 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి చిదంబరం చిన్న కార్ల మీద ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు, పెట్రోలు ఇంజన్ అయితే 1,200 సీసీ, డీజిల్ అయితే 1,500 సీసీ దాటకూడదు. అదీ చిన్న కారుకు కొలత. దాంతో సెడాన్ల మీద కత్తెర పడింది. 2008లో టాటా ఇండిగో సీఎస్ నాలుగు మీటర్ల లోపు డిక్కీ కారుగా వచ్చింది. అదే ఏడాది వచ్చిన మొదటి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4,160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో రెండో డిజైర్ 3,995 మిల్లీమీటర్లకు కురచైంది. డిక్కీ 316 లీటర్లకు పడిపోయింది. పన్ను తగ్గిన మేరకు ధర తగ్గింది, ధర తగ్గిన మేరకు మూట ఒకటి తగ్గింది.

ఎక్సైజు పోయి జీఎస్టీ వచ్చినా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇంకా లోతుగా పడింది. గీతకు లోపల ఉన్న పెట్రోలు కారు మీద పన్ను 29 శాతం నుంచి 18 శాతానికి దిగింది. గీత దాటిన హ్యుందయ్ వెర్నా, హోండా సిటీ, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల మీద 40 శాతం. ఈ పెద్ద సెడాన్లలో ఇంజన్ బలమే వేరు. వెనక సీటులో ముగ్గురు మోచేతులు రాసుకోకుండా కూర్చోవచ్చు. కానీ చేతిలో నాలుగు లక్షలతో మొదలైన ఇల్లు చూడాల్సింది గీతకు లోపల మిగిలిన నాలుగింటినే: మారుతి డిజైర్, హోండా అమేజ్, హ్యుందయ్ ఆరా, టాటా టిగోర్.

ఈలోగా కత్తెర కూడా నేర్పరి అయింది. 2024 నవంబరులో వచ్చిన నాలుగో తరం డిజైర్ అదే 3,995 మిల్లీమీటర్లలో 382 లీటర్ల డిక్కీ ఇచ్చింది. ఆరాలో 402, మూడో తరం అమేజ్‌లో 416, టిగోర్‌లో 419 లీటర్లు. మూట తిరిగొచ్చింది.

ఇంజన్: దారిని అడగండి

ముందు పెద్దాయన మాట తీసుకుందాం. ఆయన డీజిల్ మీద మనసు పడటానికి కారణం ఉంది. పాత డిజైర్‌లో ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ ఫియట్ రూపకల్పన. మన దేశంలో ఎన్నో కంపెనీల కార్లకు ఒకప్పుడు గుండె అదే. దాని టార్క్, అంటే ఆయన చెప్పే లాగుడు, 190 న్యూటన్ మీటర్లు. ఇవాళ్టి డిజైర్ పెట్రోలు ఇంజన్‌ది 111.7. నిండా జనాన్ని ఎక్కించుకుని సండూరు కొండలెక్కేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది. కానీ 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు రాగానే మారుతి డీజిల్‌కు దండం పెట్టేసింది. హ్యుందయ్ ఆరా డీజిల్, హోండా అమేజ్ డీజిల్ కూడా 2023 కల్లా ఆగిపోయాయి. నాలుగు మీటర్ల సెడాన్‌లో కొత్త డీజిల్ ఇప్పుడు ఏ షోరూములోనూ లేదు. పెద్దాయన కోరిక తీరాలంటే పాత బండి కొనాలి. అప్పుడు ఎంత తిరిగిందో, ఎవరు తిప్పారో తెలుసుకునే పూచీ మనదే.

ఇక పెట్రోలు. ఈ నాలుగింటిలో రెండు దారులున్నాయి. డిజైర్, టిగోర్‌లవి మూడు సిలిండర్ల ఇంజన్లు. అమేజ్, ఆరాలవి నాలుగు సిలిండర్లవి. మూడు సిలిండర్లలో రాపిడి తక్కువ, అందుకని మైలేజీ ఎక్కువ. డిజైర్ మాన్యువల్‌కు కంపెనీ చెప్పే లెక్క లీటరుకు 24.79 కిలోమీటర్లు, అమేజ్ మాన్యువల్‌కు 18.65. కానీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగులో సన్నటి వణుకు మూడు సిలిండర్ల బండిలో ఎక్కువ. నాలుగు సిలిండర్లది అక్కడ నిమ్మళంగా ఉంటుంది. అమేజ్ బలం 90 హార్స్‌పవర్, డిజైర్‌ది 82 దాకా. "లీటరుకు ఎంత ఇస్తాది?" అన్నది మొదటి ప్రశ్న అయిన ఇంటికి డిజైర్ వైపు మొగ్గు. బండి సద్దు చేయకూడదు, లాగితే సాగాలి అనుకునే ఇంటికి అమేజ్ వైపు.

కంపెనీ మైలేజీ ప్రయోగశాలలో వచ్చే అంకె. ఏసీ, ట్రాఫిక్కు, బరువు కలిస్తే అందులో పావు వంతు తీసేసి చూసుకోవడం మంచిది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. ఈ ఇంధనానికే తయారైన కొత్త బండికి నష్టం స్వల్పమే. పాత బండి కొనేవాళ్లకు తేడా తెలుస్తుంది. 2021లో నీతి ఆయోగ్ తెచ్చిన ప్రణాళికలోనే పాతకాలం ఇంజన్లున్న కార్లకు 6–7 శాతం మైలేజీ తగ్గొచ్చన్న అంచనా ఉంది.

ఇంటావిడ అడిగిన గేర్ల సంగతి. గేర్లు మార్చే పని లేని బండ్లు ఇక్కడ రెండు రకాలు. డిజైర్, ఆరా, టిగోర్‌లలో ఉన్నది ఏఎంటీ. లోపల మామూలు గేరుపెట్టే. క్లచ్చు తొక్కే పని, గేరు వేసే పని మన బదులు ఒక యంత్రం చేస్తుంది. అందుకే చవక. 2024 నవంబరు ధరల్లో డిజైర్‌లో మాన్యువల్ కంటే 45 వేలే ఎక్కువ. గేరు మారేటప్పుడు బండి తల ఊపినట్టు ఒక చిన్న ఆగుడు ఉంటుంది. కాలు మెల్లగా వదలడం అలవాటైతే అదీ మరుగున పడుతుంది. అమేజ్‌లో ఉన్నది సీవీటీ. అందులో మెట్లు లేవు, బెల్టు సాగుతుంది, ప్రయాణం నున్నగా ఉంటుంది. ధర కూడా ఎక్కువే. రాయల్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరున్నరకు, రైల్వే గేటు పడినప్పుడు వెనక హారన్లు మోగుతుంటే, ఎడమ మోకాలికి కలిగే హాయి ఈ రెండింటిలోనూ ఒకటే.

చివరికి బావమరిది గ్యాసు బండి. లెక్క వేసి చూద్దాం. 2024 నవంబరు ధరల్లో డిజైర్ వీఎక్స్ఐ వేరియంట్ పెట్రోలు 7.79 లక్షలు, అదే సీఎన్‌జీ 8.74 లక్షలు. తేడా 95 వేలు. కంపెనీ చెప్పే మైలేజీ కిలో గ్యాసుకు 33.73 కిలోమీటర్లు. రెండింటిలోనూ పావు తీసేస్తే పెట్రోలు 18.6, గ్యాసు 25.3. పెట్రోలు లీటరు 104, గ్యాసు కిలో 90 రూపాయలనుకుంటే కిలోమీటరుకు పెట్రోలు ఖర్చు 5 రూపాయల 60 పైసలు, గ్యాసుకు 3 రూపాయల 56 పైసలు. బావమరిది చెప్పింది నిజమే; రెండు రూపాయలు మిగులుతుంది. 95 వేలు తిరిగి రావాలంటే 47 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు రెండు వేలు తిరిగే ఇంటికి రెండేళ్లలో వస్తుంది. నెలకు ఎనిమిది వందలు తిరిగే ఇంటికి ఐదేళ్లు పడుతుంది.

డబ్బులు కాకుండా ఇంకో మూడున్నాయి. గ్యాసు మీద డిజైర్ బలం 70 హార్స్‌పవర్‌కు దిగుతుంది. మూడేళ్లకోసారి సిలిండరుకు పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ముఖ్యం, డిక్కీలో సిలిండరు కూర్చుంటుంది. మూట కోసమే సెడాన్ అనుకుని మూట చోటు సిలిండరుకు ఇస్తే కథ మొదటికొచ్చినట్టే. ఈ చిక్కుకు టాటా వాళ్లు ఒక దారి కనిపెట్టారు. టిగోర్‌లో పెద్ద సిలిండరు ఒకటి పెట్టకుండా చిన్నవి రెండు డిక్కీ అడుగున పరిచారు. పైన సామాను పెట్టుకోవచ్చు. 2024లో గ్యాసుకు ఏఎంటీ కూడా జోడించారు. గ్యాసూ కావాలి, గేర్ల బాధా వద్దు అనుకునే ఇల్లు దాన్ని ఒకసారి నడిపి చూడకుండా నిర్ణయానికి రాకూడదు. ఏ గ్యాసు బండి కొన్నా ముందు చూడాల్సింది ఒకటే: మనం రోజూ పోయే దారిలో గ్యాసు బంకు ఉందా, అక్కడ క్యూ ఎంత?

బంకు ఏ వైపు?

సరిహద్దు మనిషికి ఇంజన్ లెక్కలో ఇంకో అంకె కలుస్తుంది. ఆంధ్రలో పెట్రోలు మీద వ్యాట్ 31 శాతం, దాని మీద లీటరుకు 4 రూపాయలు అదనం, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కర్ణాటకలో 2024 జూన్‌లో పెంచాక కూడా 29.84 శాతమే. అందుకే గుంతకల్లు, ఉరవకొండ, రాయదుర్గం వైపు బండ్లు పని మీద బళ్లారి వస్తే ట్యాంకు నింపుకోకుండా తిరిగి పోవు. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే పెట్రోలు కారు తాగేది సుమారు 645 లీటర్లు. లీటరుకు ఐదు రూపాయల తేడా వేసుకున్నా 3,200 రూపాయలు దాటుతుంది.

అట్లని పెట్రోలు కోసమే పనిగట్టుకుని పోవడం తెలివి కాదు. పది కిలోమీటర్లు పోయి పది కిలోమీటర్లు వస్తే లీటరు పైన కరిగిపోతుంది. ట్యాంకులో 35 లీటర్లు పోయించుకుంటే మిగిలేది 175 రూపాయలు, దారి ఖర్చే 110. మిగిలిన అరవైతో ఇద్దరికి టీ, నాలుగు మిరపకాయ బజ్జీలు.

వేరియంట్: ఎండను అడగండి

ఇంజన్ తేలాక షోరూములో మెట్లు మొదలవుతాయి. డిజైర్‌లో ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐ, జడ్ఎక్స్ఐ, జడ్ఎక్స్ఐ ప్లస్. అమేజ్‌లో వీ, వీఎక్స్, జడ్ఎక్స్. పేర్లు వేరైనా నిచ్చెన ఒకటే. 2024 నవంబరులో డిజైర్ మాన్యువల్ ఎక్స్‌షోరూమ్ ధరలు వరసగా 6.79, 7.79, 8.89, 9.69 లక్షలు. ఆ తర్వాత ధరలు మారాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎత్తు తెలియడానికి ఈ అంకెలు చాలు: దాదాపు లక్ష, లక్షా పది వేలు, ఎనభై వేలు.

లోను మీద కొనేవాళ్లు ఈ మెట్టును కంతుల్లో కొలవాలి. లక్ష రూపాయలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు 1,609 రూపాయలు. ఏడేళ్లకు కట్టేది లక్షా 35 వేలు. "ఇంకో లక్షే కదా సార్" అని సేల్స్ కుర్రవాడు నవ్వుతూ అనే మాట విలువ అది.

మెట్టెక్కాలా వద్దా తేల్చుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. కాగితం మీద నిలువుగా గీత గీసి ఒకవైపు తర్వాత బయట బిగించుకోగలిగేవి, ఇంకోవైపు ఎంత డబ్బు పెట్టినా తర్వాత బిగించలేనివి రాయాలి. మ్యూజిక్ సిస్టమ్, రివర్సు కెమెరా, సీటు కవర్లు, వీల్ క్యాపులు మొదటి వైపు. ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ, వెనక సీటుకు ఏసీ గాలి వచ్చే దారి, డ్రైవరు సీటు ఎత్తు మార్చే మీట, ఏఎంటీ రెండో వైపు. రెండో వైపు వాటికే లోను చేయాలి.

ఈ పద్ధతిలో చూస్తే మంచి మాట ఏమిటంటే, ప్రాణం కాపాడే సరంజామా ఇప్పుడు చాలావరకు కింది మెట్టులోనే ఉంది. డిజైర్, అమేజ్, ఆరాల్లో అన్ని వేరియంట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి. డిజైర్‌లో ఈఎస్‌పీ కూడా మొదటి మెట్టు నుంచే. 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న మొదటి మారుతి అదే. మొదటి మెట్టు అంటే డొక్కు బండి అనే రోజులు పోయాయి.

మరి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోవచ్చా? బళ్లారిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేది ఎండ. మార్చి దాటితే నలభై డిగ్రీలు మామూలు సంగతి. గుట్ట రాళ్లు రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి. మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారులో వెనక కూర్చున్న ముసలాయనకు ముందు నుంచి ఏసీ గాలి చేరేలోపు పది నిమిషాలు గడుస్తాయి. వెనక ఏసీ వెంట్లు డిజైర్‌లో రెండో మెట్టు వీఎక్స్ఐ నుంచే ఉంటాయి. ఏఎంటీ మొదలయ్యేదీ, గ్యాసు దొరికేదీ ఆ మెట్టు నుంచే. చెన్నైకో ముంబైకో ఏ మెట్టు మంచిదో గానీ, ఈ ఊరికి మాత్రం రెండో మెట్టుకు ఎండే సిఫారసు చేస్తోంది.

అదే ఎండ కూతురి సన్‌రూఫ్‌కు అడ్డం తిరుగుతుంది. డిజైర్‌లో అది పైమెట్టు జడ్ఎక్స్ఐ ప్లస్‌లో వస్తుంది. 2024 ధరల్లో వీఎక్స్ఐ నుంచి అక్కడికి లక్షా తొంభై వేలు. వానాకాలం సాయంత్రాలు నాలుగు బాగుంటాయి, కాదనలేం. మిగతా ఏడాది ఆ అద్దం మూసే ఉంటుంది. తెరిస్తే సండూరు, తోరణగల్లు దారిలో ఎర్రటి ఖనిజపు దుమ్ము ఒళ్లో పడుతుంది.

ఆ దుమ్ము ఇంకో రెండు సంగతులు చెబుతుంది. ఒకటి, ఏసీ ఫిల్టరు, ఇంజన్ ఎయిర్ ఫిల్టరు సర్వీసు పుస్తకంలో రాసినదానికంటే ముందే చూపించుకోవాలి. రెండు, రంగు. తెలుపు ఎండను తిప్పికొడుతుంది కానీ ఎర్రదుమ్మును దాచదు. నలుపు రెండింటికీ చెడ్డది. వెండి రంగుకు, బూడిద రంగుకు ఈ దారుల్లో గిరాకీ ఊరికే లేదు.

చక్రాల విషయంలో పైమెట్టు కంటే కింది మెట్టే మేలు అనిపించే చోటు కూడా ఒకటుంది. డిజైర్ ఎల్ఎక్స్ఐ, వీఎక్స్ఐలవి 14 అంగుళాల ఇనుప రిమ్ములు. టైరు పక్క ఎత్తు 132 మిల్లీమీటర్లు. జడ్ఎక్స్ఐ నుంచి 15 అంగుళాల అల్లాయ్‌లు, పక్క ఎత్తు 120. చూపుకు అల్లాయ్ అందం. గుంతలో పడితే దెబ్బ కాచుకునేది మాత్రం ఎత్తైన రబ్బరే. ఇనుప రిమ్ము వంగితే కొట్టి సరిచేసే వాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. 2011 జులైలో సుప్రీంకోర్టు ఈ జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా ఖనిజం లారీల కింద రోడ్లు ఎట్లా నలిగాయో చూసిన తరానికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

పది లక్షల గుమ్మం

మూడో గీత ధరది. కర్ణాటకలో కారుకు ఒకేసారి కట్టే జీవితకాల పన్ను ఐదు నుంచి పది లక్షల లోపు బండికి 14 శాతం, పది దాటి ఇరవై లోపు బండికి 17 శాతం. పన్ను మీద సెస్సు వేరే. ఇందులో కిటుకు ఏమిటంటే, పది లక్షలు దాటిన భాగానికి మాత్రమే కాదు, మొత్తం ధరకూ 17 శాతం పడుతుంది.

ఉదాహరణకు 2024 ధరల్లోనే డిజైర్ పైమెట్టు మాన్యువల్ 9.69 లక్షలు. దాని పన్ను 1,35,660 రూపాయలు. అదే మెట్టులో ఏఎంటీ 10.14 లక్షలు. పన్ను 1,72,380. ధరలో తేడా 45 వేలు. పన్నులో తేడా ఇంకో 36,720. గేరు మార్చే యంత్రానికి ఒకసారి, గుమ్మం దాటినందుకు ఇంకోసారి చెల్లించినట్టు. 2025 సెప్టెంబరు జీఎస్టీ తగ్గింపుతో ఆ వేరియంట్ గుమ్మం లోపలికి దిగొచ్చింది. కానీ గుమ్మం అక్కడే ఉంది. ధరలు మళ్లీ పెరిగే రోజున ఏ వేరియంట్ దాన్ని తొక్కుతుందో చూసుకుని కొనాలి. షోరూములో బిగించే యాక్సెసరీలకు బిల్లు విడిగా రాయించుకుంటే మంచిది.

నంబరు ప్లేటు మాటకొస్తే, బళ్లారిది కేఏ-34, హోసపేటది కేఏ-35. గీత అవతల 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ-39 వచ్చింది. చేను ఆలూరులో ఉంది, ఆధారు కార్డు అక్కడిదే ఉంది, అక్కడ రిజిస్టరు చేయిస్తే పోలా అనుకునే వాళ్లుంటారు. బండి ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్టరు కావాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంచుకుంటే నంబరు మార్పించుకుని ఇక్కడి పన్ను కట్టాలి. కట్టిన పాత పన్నులో కొంత వెనక్కి తెచ్చుకోవడానికి కాగితాలు పట్టుకుని తిరగాలి. బండి రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఆ ఊరి నంబరే మేలు.

షోరూముకు పోయే ముందు

• నెలకు ఎన్ని కిలోమీటర్లో నోటితో చెప్పొద్దు. నెల రోజులు రాసి చూడండి. పదిహేను వందల లోపైతే పెట్రోలు. రెండు వేలు దాటితే, దారిలో బంకు ఉంటే, గ్యాసు.

• టెస్ట్ డ్రైవ్ ఉదయం చల్లపూట వద్దు. మధ్యాహ్నం రెండు గంటలకు, ఇంటిల్లిపాదీ ఎక్కి, ఏసీ పెట్టి తీసుకోండి. ఏదైనా ఎత్తు మీద బండి ఆపి మళ్లీ కదిలించండి.

• ఇంట్లో పెద్దవాళ్లను నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. సీటు ఎంత కిందికి ఉంది, తల తగులుతోందా, పట్టుకోవడానికి ఏముంది చూడండి.

• మీ ఇంటి బియ్యం మూట ఒకటి వెంట తీసుకుపోయి డిక్కీలో పెట్టి చూడండి. ఎవరూ నవ్వరు. నవ్వినా పరవాలేదు.

• ఆన్‌రోడ్ ధరను ముక్కలుగా రాయించుకోండి: బండి, పన్ను, బీమా, యాక్సెసరీలు. బీమా బయట ఎంతకు వస్తుందో కనుక్కోండి.

చివరికి ఏం కొన్నారు?

మన ఊహల ఇంటికి వద్దాం. తోరణగల్లు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. రోజూ కారులో పోయి వస్తే నెలకు పదిహేను వందలు అక్కడే అయిపోతాయి. మిగతా తిరుగుళ్లతో రెండు వేలు. అప్పుడు బావమరిది మాటే గెలవాలి. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఇంటావిడ అడుగుతుంది.

"మీరు కంపెనీ బస్సు మానేస్తారా ఏమి?"

ఇంటాయన కాసేపు ఆలోచిస్తాడు. పదేళ్లుగా బస్సులోనే నిద్ర, బస్సులోనే పేపరు, బస్సులోనే స్నేహాలు. మానేసే ఉద్దేశం లేదు. అంటే కారు తిరిగేది స్కూలుకు, సంతకు, ఆలూరు చేనుకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు తిరుపతికి. నెలకు ఎనిమిది వందలు మించదు. నడిపేది ఎక్కువగా ఇంటావిడే. ఆ ఒక్క మాటతో లెక్క మొత్తం తిరగబడింది. గ్యాసు పోయింది, సిలిండరు పోయింది, డిక్కీ మూటకే మిగిలింది. రెండో మెట్టు, పెట్రోలు, ఏఎంటీ. పెద్దాయన వెనక సీటులో కూర్చుని, గాలి ముఖానికి కొట్టాక, డీజిల్ మాట మళ్లీ ఎత్తలేదు. కూతురు రెండు రోజులు అలిగింది. మూడో రోజు లెర్నింగ్ లైసెన్సుకు ఏమేం కాగితాలు కావాలో వెతుక్కుంటూ కనబడింది.

బండి వచ్చిన రోజు పొద్దున్నే కసాపురం ప్రయాణం. ఊరు దాటేముందు బళ్లారి బంకులో ట్యాంకు నిండా పోయించారు. నిమ్మకాయలు గుంతకల్లు బజారులో కొన్నారు.